ఉడుకు నీళ్లకు సన్నీళ్లు ఎంత తోడు?

డిసెంబర్ నెలల తెల్లారగట్ల నాలుగున్నరకు అమీర్‌పేట్ మైత్రీవనం వెనుక సందులల్ల నడిస్తె రెండు వాసనలు వస్తయి. ఒకటి ఇడ్లీ బండ్లది. ఇంకోటి కట్టెల పొగది. పట్నం నడిమిట్ల, మెట్రో పిల్లర్లకు కూతవేటు దూరంల కట్టెల పొగ ఏందని కొత్తగ వచ్చినోళ్లు పరేషాన్ అయితరు. అది హాస్టల్ బాయిలర్ల పొగ తమ్మీ. బిల్డింగ్ వెనుక గల్లీలనో, డాబా మీదనో ఒక ఇనుప డ్రమ్ము నిలబెట్టి, దాని కడుపుల మంట పెట్టి, వంద మంది పోరగాండ్లకు తానానికి నీళ్లు కాగబెడతరు.

నేను గసొంటి డ్రమ్ముకు కట్టెలేసినోన్ని. 2002 సలికాలంల జనగామ దిక్కు నుంచి జావా నేర్చుకుందామని వచ్చిన. రెండు నెలల ఫీజు కట్టంగనే పైసలు ఒడిసినయి. ఇంటికి పోవుడు నామోషి. హాస్టల్ ఓనర్ పిలిచి, "పొద్దుగాల నాలుగింటికి లేచి బాయిలర్ చూసుకో, మంచం, తిండి ఫ్రీ" అన్నడు. ఏడాదిన్నర చూసుకున్న. జావా రాలే. నీళ్లు ఎంత ఉడుకు ఉండాలె అన్నది మాత్రం నేర్చుకున్న. అది కూడ ఒక పోరని కాళ్లు కాలినంక.

ఇప్పుడు మీలో చానామంది గా హాస్టళ్లల్లనే ఉంటరు. కొంతమంది నా లెక్కనే బాయిలర్ కాడ నిలబడి ఉంటరు. అందుకే జర ఇవరంగ చెప్తున్న.

మొదలు ఆ డ్రమ్ము సంగతి. మన ఊర్లల్ల మూడు రాళ్ల పొయ్యి మీద కాగు పెట్టి నీళ్లు కాగబెట్టుడు మీకు ఎర్కనే. మంట బయట, నీళ్లు లోపల. మంటల ఉన్న వేడిల వంతుకు పది పదిహేను పాళ్లే నీళ్లకు పోతది, మిగిలింది గాలికి పోతది. జర ఉన్నోళ్ల ఇండ్లల్ల రాగి బాయిలర్ ఉంటుండె. నడిమిట్ల గొట్టం, గొట్టంల అగ్గి, చుట్టూత నీళ్లు. పైన గరాటల ఒక చెంబు సన్నీళ్లు పోస్తె, పక్క మూతికెల్లి ఒక చెంబు ఉడుకు నీళ్లు వస్తయి. హాస్టల్ బాయిలర్ దానికి పెద్దన్న. బాలానగర్ దిక్కు వెల్డింగ్ షాపులల్ల ఇనుప రేకుతోటి చేస్తరు. మంట నీళ్ల నడుమ ఉంటది కాబట్టి, మంచిగ చేసిన దాంట్ల సగం వేడి దాకా నీళ్లకు దక్కుతది. లెక్క చూడుండ్రి: ఎండు కట్టె కిలోకు 3,500 కిలో కేలరీల వేడి ఉంటది. ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటె ఒక కిలో కేలరీ కావాలె. 20 లీటర్ల బకెట్ 20 డిగ్రీల నుంచి 40కి రావాలంటె 400. మా అమ్మ మూడు రాళ్ల మీద ఒక్క బకెట్‌కు దాదాపు కిలో కట్టె కాల్చింది. బాయిలర్ల అదే బకెట్ పావు కిలోతోటి అయితది. డిగ్రీలంటె ఇక్కడ అన్నీ సెల్సియసే, జ్వరం థర్మామీటర్ల ఫారెన్‌హీట్ కాదు.

ఇగ నేను చేసిన మొదటి తప్పు.

ఓనర్ నాకు చెప్పిన సూత్రం ఒక్కటే. "ఒంటికి కావాల్సింది గోరువెచ్చన. మరి నీళ్లు గోరువెచ్చగనే కాగబెట్టు. మసలబెట్టి మల్ల సన్నీళ్లు కలుపుడు ఎందుకు, కట్టెలు దండుగ." ఇంటే కరెక్టే అనిపిస్తది. నాకూ అనిపిచ్చింది. ఒంటికి హాయిగ ఉండేది 38 నుంచి 42 డిగ్రీలు. డ్రమ్ముల 45 దాకా తెచ్చి మంట తగ్గిచ్చేటోన్ని.

ఎట్ల కొలిచినవ్ అంటరా? అమీర్‌పేట్ల మెడికల్ షాపుల జ్వరం చూసే థర్మామీటర్ కొన్న. అది 42 దాటితే పనిచెయ్యదన్న సంగతి తెల్వదు. మొదటి రోజే నల్లా కింద పెడితే టప్పున పలిగింది. పాదరసం గుండ్లు నేల మీద ఉరుకుతుంటె అందరం ఏళ్లతోటి ఆడుకున్నం. అది విషమని కూడ అప్పుడు తెల్వదు. తర్వాత చెయ్యి పెట్టి చూసుడే నా థర్మామీటర్.

45 డిగ్రీల నీళ్లతోటి రెండు కష్టాలు వచ్చినయి. ఒకటి అందరికీ కనబడేది: నీళ్లు సరిపోలే. డ్రమ్ము 300 లీటర్లు. 45 డిగ్రీల నీళ్లల్ల సన్నీళ్లు ఎన్ని కలుస్తయి? బకెట్‌కు నాలుగు లీటర్లు, అంతే. పదహారు పద్దెనిమిది బకెట్లకే డ్రమ్ము కాళీ. పంతొమ్మిదో పోరడు టవల్ కట్టుకోని నా మీదికి లొల్లికి వచ్చేటోడు.

రెండోది లోపట జరిగేది, ఎవ్వరికీ కనబడలే. కట్టె ఎంత ఎండినదైనా, కిలో కట్టె మండితే అర లీటరు పైననే నీటి ఆవిరి పుడతది. కట్టెల తడి ఉన్నందుకే కాదు, మండుడంటేనే నీరు పుట్టుడు. గా ఆవిరి పొగతోటి కలిసి గొట్టంకెల్లి పైకి పోవాలె. గని మంటకు ఒక పక్క ఉన్న ఇనుప గోడకు అవతలి పక్క నీళ్లే కదా ఉన్నయి. నీళ్లు సల్లగుంటె గోడ సల్లగుంటది. ఫ్రిజ్‌లకెల్లి తీసిన సీసాకు చెమట పట్టినట్టు ఆ గోడకు చెమట పడతది. నీళ్లు 55 డిగ్రీలు దాటేదాక ఈ చెమట ఆగదు. పొగల సగం కాలిన కట్టె రసం ఉంటది, పులుపు ఉంటది. చెమటల కలిసి అది నల్లటి జిడ్డయితది, అచ్చం డాంబర్ లెక్క. పొగ గొట్టంల పేరుకపోతది. గాలి గుంజదు. గాలి గుంజకపోతే మంట సరిగ్గ మండదు, పొగ ఎక్కువైతది, జిడ్డు ఇంకా ఎక్కువైతది. పులుపు ఇనుమును తింటది.

సంక్రాంతి రాకముందే మా పొగ గొట్టం మూతి మూడేళ్లంత సన్నగయ్యింది. పొగ వెనక్కి తన్ని పక్కింటి అపార్ట్‌మెంటోళ్ల వంటింట్లకు పోతుంటె వాళ్లు పోలీసులను పిలుస్తమన్నరు. ఒకరోజు గొట్టంల జిడ్డుకే అగ్గి అంటుకున్నది, రేకు ఎర్రగ అయ్యి గూ అని సప్పుడు. ఫిబ్రవరికల్ల డ్రమ్ము కింది అతుకు జంగు పట్టి కారుడు మొదలైంది. ఓనర్ మిగిలిచ్చిన కట్టెల పైసలు వెల్డింగ్‌కు పోయినయి, ఇంకిన్ని చేతికెల్లి పడ్డయి.

ఈ ఇద్దె తెలిసినోళ్లు ప్రపంచంల చానామంది ఉన్నరు. అమెరికా, కెనడా సలి ఊర్లల్ల ఇంటి బయట చిన్న షెడ్డు లెక్క ఒక కట్టెల ఫర్నేసు పెడతరు. దాంట్ల నీళ్లు కాగి, భూమిల పాతిన పైపులల్ల ఇంట్లకు పోయి, ఇల్లంతా వెచ్చగ చేసి, మల్ల వెనక్కి వస్తయి. ఇదే అమీర్‌పేట్ల కోర్సు చేసి అక్కడికి పోయిన మనోళ్లు కొందరు దాన్ని చూసే ఉంటరు. ఆ ఫర్నేసులు నడిపేటోళ్ల మొదటి పాఠం ఏందంటె, వెనక్కి వచ్చే నీళ్లు 60 డిగ్రీలకు తగ్గొద్దు, లోపట నీళ్లు 65 నుంచి 85 నడుమ ఉండాలె. కారణం గిదే, గోడకు చెమట. గట్ల పెట్టినా పొగ లొల్లి తప్పలే, 2015ల అమెరికా సర్కారు ఆ ఫర్నేసుల పొగ మీద నిబంధనలు కూడ పెట్టింది. వాళ్లకు ఒక సులువు ఉన్నది: తిరిగిన నీళ్లే తిరుగుతయి. మన బాయిలర్‌కు ఒక బకెట్ తీసినప్పుడల్ల కొత్త సన్నీళ్లు లోపటికి వస్తయి. అంటె చెమట పట్టే మోక మనకే ఎక్కువ. పొద్దుగాల మొదలు నీళ్లు 60 దాటేదాక మంట జోరుగ ఉండాలె, అప్పటిదాక నల్లా ఇప్పొద్దు. సన్నీళ్లు ఒక్కసారి గుమ్మరియ్యకుంట సన్నగ రానియ్యాలె.

రెండో తప్పు మొదటి తప్పుకు ఉల్టా. వెల్డింగ్ చేసినాయన నన్ను తిట్టి, "ఇగ ఎప్పుడూ మసలనీయ్, జంగు పట్టది" అన్నడు. ఆయన చెప్పింది జంగు వరకు నిజమే. నేను ఇన్న. డ్రమ్ము సలసల మసిలేదాక కట్టెలు తోసిన. హైదరాబాద్ సముద్రం కన్న ఐదువందల మీటర్ల పైన ఎత్తుల ఉన్నది కాబట్టి ఇక్కడ నీళ్లు 98 డిగ్రీలకే మసులుతయి. 90 దాటినంక ఇగ నాకు కొలిచే పనే లేదు, బుగ్గల సప్పుడే చెప్తది.

ఓనర్ ఖుషీ. ఎందుకంటె లెక్క అట్ల ఉన్నది. సన్నీళ్లు 20 డిగ్రీలనుకో, బకెట్ల 40 కావాలనుకో. డ్రమ్ముల 50 ఉంటె ఒక బకెట్‌కు పదమూడు లీటర్ల ఉడుకు నీళ్లు పడతయి, 300 లీటర్లు 22 మందికి వస్తయి. 70 ఉంటె ఎనిమిది లీటర్లు చాలు, 37 మందికి వస్తయి. 90 ఉంటె ఆరు లీటర్లు కూడ వద్దు, 52 మందికి వస్తయి. అదే డ్రమ్ము, ముప్పై మంది ఎక్కువ. మంది పెరిగితె పెద్ద డ్రమ్ము కొనకుంట మంట పెంచుకుంట పోవుడు హాస్టళ్లల్ల గందుకే నడుస్తది.

కట్టెలు మాత్రం మిగలలే. ఒక్కొక్కని ఒంటికి పోయే వేడి అంతే కదా, ఏడికెల్లి మిగులుతది? పైగా బయట 15 డిగ్రీల సలి ఉన్నప్పుడు 90 డిగ్రీల డ్రమ్ము గాలికి పారబోసే వేడి, 65 డిగ్రీల దాని కన్న ఒకటిన్నర రెట్లు.

అమీర్‌పేట్ బోరు నీళ్లది ఇంకో కత. బోరు నీళ్లల్ల సున్నం ఉంటది. నీళ్లు 60 దాటినకొద్దీ గా సున్నం ఇడిపోయి గొట్టానికి తెల్లటి పొర కడతది. పొర మందమైనకొద్దీ మంట వేడి నీళ్లకు చేరదు, ఇనుమే కాలుతది. మసలబెట్టిన ఆర్నెల్లకు డ్రమ్ము తెరిస్తె గుడ్డు పెంకు లెక్క పలుకలు పలుకలు వచ్చినయి.

ఇవన్నీ పైసలతోటి పొయ్యే నష్టాలు. 2003 డిసెంబర్ల అయింది పైసలది కాదు.

ఆదిలాబాద్ దిక్కు పోరడు. ఇరవై ఏండ్లు ఉంటయి. నాతోటి మంచిగ మాట్లాడేటోడు, అప్పుడప్పుడు కట్టెలు మోసేటోడు. ఆ పొద్దు బాత్‌రూముల బకెట్ పెట్టి ముందుగాల ఉడుకు నీళ్లు పట్టిండు, సగానికి. తర్వాత సన్నీళ్ల నల్లా ఇప్పిండు. రాలే. డాబా మీద ట్యాంకి రాత్రే ఒడిసింది, మోటర్ ఎవరూ వెయ్యలే. పక్క బాత్‌రూముల వస్తయేమోనని బకెట్ ఎత్తుకోని బయటికి నడిచిండు. సబ్బు నీళ్ల మీద కాలు జారింది. తొడకెల్లి పాదం దాకా.

నేను కేక ఇని ఉరికిన. మేం చేసినవన్నీ తప్పులే. ఒకడు టూత్‌పేస్ట్ తెచ్చి పూసిండు. ఒకడు ఇంకు పొయ్యాలన్నడు. నైట్ ప్యాంటును గుంజి తీసినం, దానితోటి తోలు వచ్చింది. కాలినప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే: నల్లా కింద సల్లటి నీళ్లు, ఇరవై నిమిషాలు తక్కువ కాకుంట. మంచుగడ్డ వద్దు, పేస్ట్ వద్దు, పసుపు వద్దు, గుడ్డు సొన వద్దు. బట్ట అంటుకుంటె గుంజొద్దు. తర్వాత శుభ్రమైన బట్ట కప్పి దవాఖానకు. మాకు ఇది తెల్వదు. తెలిసినా ఏం లాభం, ఆ పొద్దు నల్లాల సల్లటి నీళ్లే లేకపాయె.

వాళ్లమ్మ వచ్చింది. దవాఖాన వరండాల నన్ను పట్టుకోని, "నువ్వేనా బిడ్డా పొద్దుగాల లేచి వీళ్లకు నీళ్లు కాగబెట్టేది, నీ గురించి చెప్పిండు" అన్నది. నాకు నోరు రాలే. ఓనర్ ఆమెకు చెప్పిండు, బాయిలర్ పోరడు నీళ్లు ఎక్కువ కాగబెట్టిండని. నా చేతికిచ్చే చిల్లర కూడ ఆ నెల బంద్ పెట్టిండు. ఎక్కువ కాగబెట్టింది నేనే, ఆ మాట అబద్ధం కాదు. ట్యాంకి ఎందుకు ఎండింది, బాత్‌రూము ముందట బండలకు పాకురు ఎందుకున్నది అని ఎవ్వరూ అడగలే. నేను కూడ అడగలే. పోరడు నడవనైతె నడిచిండు గని, కోర్సు ఇడిచిపెట్టి ఊరికి పోయిండు.

ఆ తర్వాత గని నేను చదువుడు మొదలువెట్టలే. మా రూముల ఉండే ఒక కెమిస్ట్రీ లెక్చరర్ సారు కాలేజీ ల్యాబ్‌ల వాడే పొడుగు థర్మామీటర్ తెచ్చిచ్చి, 110 డిగ్రీల దాకా చూపెడతది, దీన్నన్న పలగ్గొట్టకు అన్నడు. ఆయన చెప్పినంకనే తెలిసింది, ఏ వేడికి తోలు ఎంతసేపట్ల కాలుతదన్నది ఎన్నడో లెక్కగట్టిన్రని. 1947ల అమెరికాల మోరిట్జ్, హెన్రిక్స్ అనేటోళ్లు ఆ పని చేసిన్రు. ఇప్పటికీ ప్రపంచం అదే లెక్క చెప్పుకుంటది. 49 డిగ్రీల నీళ్లు పెద్దోళ్ల తోలును బాగ కాల్చాలంటె ఐదు నిమిషాల పైన పడతది. 55 అయితె అర నిమిషం. 60 అయితె ఐదు సెకండ్లు. 68 అయితె ఒక్క సెకండు. పది పదిహేను డిగ్రీలల్ల నిమిషాలు పోయి సెకండ్లు వచ్చినయి, చూసిన్రా? పసిపిల్లల తోలు పలుచన, ఇంకా బిరాన కాలుతది. మా డ్రమ్ముల ఉన్నది 90. కాలు గుంజుకునే టైము కూడ ఉండదు.

అంటె డ్రమ్ము బాగుండాలంటె 60 పైన ఉండాలె. మనిషి బాగుండాలంటె 45 కింద ఉండాలె. రెండిట్ల ఏది కరెక్టు అని కొట్లాడుకునుడు దండుగ, రెండూ కరెక్టే. నీళ్ల వేడి ఎంత ఉండాలె అని అడిగితె, ఏడ ఉన్న నీళ్లు అని మనం తిరిగి అడగాలె. వేన్నీళ్లకు చన్నీళ్లు తోడు అంటరు పెద్దలు, సంసారంల చిన్న సంపాదన కూడ ఆసరా అయితదని. బాయిలర్ కాడ ఆ మాట ఉన్నది ఉన్నట్టే నిజం. డ్రమ్ముల 65 నుంచి 70. నల్లాల 42. ఈ రెండిటి నడుమ సన్నీళ్లు కలిసే జాగ ఒకటి ఉండాలె, అది పోరని చేతిల బకెట్ కావొద్దు.

మేం ఏం చేసినమంటె, డ్రమ్ముకు బాత్‌రూములకు నడుమ ఒక సిమెంట్ తొట్టి పెట్టిపిచ్చినం. దాంట్లకు ఒక పక్క ఉడుకు నీళ్ల పైపు, ఒక పక్క సన్నీళ్ల పైపు. లెక్చరర్ సారు థర్మామీటర్ దారం కట్టి తొట్టిల ఏలాడదీసినం. 42 చూపెట్టినంకనే బాత్‌రూముల దిక్కు వాల్వు ఇప్పుడు. డ్రమ్ము నుంచి బాత్‌రూముకు నేరుగ ఉన్న పైపు కోసి మూసినం. పొద్దుగాల లేవంగనే మొదటి పని మంట పెట్టుడు కాదు, డాబా ఎక్కి సన్నీళ్ల ట్యాంకి చూసుడు. ఇప్పుడైతె రెండు నీళ్లను తనంతట తనే కలిపి ఒకే వేడికి ఇచ్చే మిక్సింగ్ వాల్వులు దొరుకుతయి, పెద్ద హోటళ్లల్ల, దవాఖానలల్ల పెడతరు. డ్రమ్ముకు పెట్టే గడియారం లెక్కటి డయల్ థర్మామీటర్ అయితె ఒక మల్టీప్లెక్స్ సినిమా, పాప్‌కార్న్ ఖర్చుల వస్తది. ఎంతమంది ఓనర్లు పెట్టిన్రో మీ హాస్టల్ డ్రమ్మును చూసి మీరే చెప్పుండ్రి.

తొట్టి నీళ్ల గురించి ఒక పైలం. గోరువెచ్చటి నీళ్లను రాత్రంత నిల్వ ఉంచొద్దు. 1976ల అమెరికా ఫిలడెల్ఫియాల ఒక హోటల్‌ల సభకు వచ్చిన మాజీ సైనికులు న్యుమోనియాతోటి పటపట రాలిపోయిన్రు. ఏందో తెల్వక ప్రపంచం బుగులుపడ్డది. తెల్లారి ఏడు, 1977ల, ఆ సూక్ష్మక్రిమిని పట్టుకున్నరు, లీజియోనెల్లా అని పేరు పెట్టిన్రు. అది 20 నుంచి 45 డిగ్రీల నీళ్లల్ల మంచిగ పెరుగుతది. 60 దాటితె నిమిషాలల్ల సస్తది. తాగితె వచ్చుడు తక్కువ, షవర్ తుంపర ముక్కుల పోతె వస్తది. అందుకే నీళ్లు నిల్వ ఉంచే కాడ 60 ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. చెంబుతోటి తానం చేసే మనకు షవరోళ్లంత భయం లేదు గని, పొద్దుగాల పని అయిపోంగనే తొట్టి కాళీ చేసి కడుగుడు కష్టమేం కాదు.

కట్టెల ముచ్చట. హాస్టళ్లకు ఆల్కగ వచ్చేవి సామిల్లు ముక్కలు, పాత ప్యాకింగ్ డబ్బాలు, ఇంటీరియర్ పనులల్ల మిగిలిన ప్లైవుడ్. ప్లైవుడ్, రంగులేసిన చెక్క కాల్చొద్దు. ఆ జిగురు పొగ, రంగు పొగ పీల్చేది ఓనర్ కాదు, పొయ్యి ముందట కూసున్నోడు. పచ్చి కట్టె బరువుల సగం నీళ్లే, అది కాలేటప్పుడు కొంత వేడి ఆ నీళ్లను ఆవిరి చేసుటానికే పోతది, చెమట ఇంకా పెరుగుతది. తుమ్మ, యాప, సర్కారు తుమ్మ ఏదైనా సరే, చీల్చి, వాన తగలకుంట ఒక ఎండకాలం ఆరబెట్టింది మంచిది. రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టి చూడు, టంగుమంటె ఎండినట్టు, డబ్బుమంటె పచ్చి.

ఇంకోటి, ఇది ఇనకపోతే పానాలే పోతయి. డ్రమ్ము పైన ఒక తెరిచిన పైపు ఉంటది, ఆవిరి పోనీకి. దాన్ని ఎప్పుడూ మూయొద్దు. నీళ్లు పొంగి కారుతున్నయని ఒక హాస్టల్‌ల దానికి గుడ్డ కుక్కుడు నేను కళ్లార చూసిన. నీళ్లు ఆవిరైతె 1,600 రెట్లు ఉబ్బుతయి. దారి లేకపోతే డ్రమ్మే బాంబు. నీళ్లు ఒడిసి డ్రమ్ము ఉత్తగ కాలుతుంటె అండ్ల సన్నీళ్లు పొయ్యొద్దు, మంట గుంజేసి సల్లారనియ్యాలె.

ఇంట్ల గీజర్ ఉన్నోళ్లు దాని మీది తిరగలి 50 దగ్గర పెట్టుకుంటె చాలు, అప్పుడప్పుడు 60 దాకా పోనియ్యుండ్రి. రూముల దొంగతనంగ హీటర్ రాడ్ పెట్టేటోళ్లకు, అంటె మీలో సగం మందికి: 1,500 వాట్ల రాడ్ 20 లీటర్ల బకెట్‌ను ఇరవై నిమిషాలల్ల 20 డిగ్రీలు పెంచుతది. అంతే కావాలె. దానికి ఆపుకునే తెలివి లేదు, మీరు నిద్రపోతే మసలబెడతది. ప్లగ్గు పీకినంకనే నీళ్లల్ల చెయ్యి పెట్టాలె, స్విచ్ ఆఫ్ చేసుడు చాలదు. తలుపులు మూసిన బాత్‌రూముల గ్యాస్ గీజర్ అయితె అసలే వద్దు, అండ్లకెల్లి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి నిద్రపోయినట్టే పోతడు.

పోయిన సలికాలం పంజాగుట్టల ఒక దోస్తును చూడనీకి పోయిన. వాళ్ల నాయినకు నిమ్స్‌ల చూపెట్టుతున్నరు, ద్వారకాపురి కాలనీ దిక్కు ఒక హాస్టల్‌ల రూము తీసుకున్నరు. పంజాగుట్టల గసొంటివి మస్తు. చదువుకునేటోళ్లు, ఉద్యోగమోళ్లు, దవాఖాన పేషెంట్ల తాలూకు మనుషులు అందరూ ఒకే డ్రమ్ము నీళ్లు పోసుకుంటరు. ఆ పెద్దాయనకు ఇరవై ఏండ్ల షుగర్. పాదాలకు స్పర్శ లేదు. ఆయన కాలు బకెట్ల పెట్టి, "వెచ్చగనే ఉన్నయి బిడ్డా" అంటుండు. నేను మోచెయ్యి పెట్టి చూసి గుంజుకున్న. షుగరోళ్లకు, ముసలోళ్లకు, పసిపిల్లలకు నీళ్లు ఇంకో మనిషి మోచేతితోటి చూసినంకనే పొయ్యాలె. ఏలితోటి చూస్తె చాలదు, ఏలుకు అలవాటు ఎక్కువ.

కిందికి దిగి డ్రమ్ము కాడికి పోయిన. నారాయణపేట పోరడు, పంతొమ్మిదేండ్లు ఉంటయేమో, సెల్లుల పాటలు పెట్టుకోని కట్టెలు తోస్తున్నడు. డయల్ ఉండే జాగల బోల్టు బిగిచ్చి ఉన్నది. ఎంత వేడి పెడుతున్నవ్ తమ్మీ అంటె, "మసిలేదాకనే అన్నా, నూట పది మంది ఉన్నరు, లేకపోతే ఆఖరోళ్లకు సల్లగ అయితయి, నన్ను తిడతరు" అన్నడు. ఇద్దరం కట్టెల మీద కూసోని లెక్క చేసినం. 300 లీటర్ల డ్రమ్ము, 70 డిగ్రీలు, 37 బకెట్లు. నూట పది మందికి మూడు సార్లు కాగబెట్టాలె, లేకపోతే ఇసొంటివి ఇంకో రెండు డ్రమ్ములు కావాలె. వాడు ఏళ్ల మీద మల్ల ఒకసారి లెక్కబెట్టుకున్నడు. "అంటె తప్పు నాది కాదు కదా అన్నా" అన్నడు.

ఇద్దరం కలిసి ఓనర్ దగ్గరికి పోయినం. ముందుగాల ఒక్క డయల్, ఒక్క తొట్టి పెట్టియ్యుండ్రి, ఇంకో డ్రమ్ము సంగతి తర్వాత చూద్దాం అన్నం. ఆయన మంచిగనే ఇన్నడు, చాయ్ కూడ తాపిండు. శివరాత్రి అయినంక చూద్దామన్నడు.